కిరాయి మాది, మీటరు ఓనరుదా?

మూడు రాత్రులు ఒక పిల్ల కొవ్వొత్తి ముందర కూసుని చదివింది. ఇంటర్ రెండో సంవత్సరం. వారంలో పరీక్షలు. కరెంటు పోయి కాదు. బజార్ల స్తంభం మీద లైటు వెలుగుతూనే ఉంది. కింద ఓనరు ఇంట్లో టీవీ మోగుతూనే ఉంది. పక్క పోర్షన్లో ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఆ పిల్ల, తల్లి, తండ్రి, తమ్ముడు ఉంటున్న రెండు గదుల్లో మాత్రమే చీకటి. వాళ్ల ఫ్యూజు ఓనరు జేబులో ఉంది.

ఆ తల్లి చేసిన నేరం ఒక్కటే. కరెంటు బిల్లు కాయితం చూపించమన్నది.

ఆ పిల్ల పదో తరగతి దాకా నా దగ్గరే చదువుకుంది. తల్లి ఒక ప్రైవేటు దవాఖానలో ఊడ్చే పని, తుడిచే పని చేస్తది. తండ్రి మేస్త్రీల వెంట కూలికి పోతడు. ఊళ్లో, వాడలో ఇల్లున్నది, ఆ ఇంట్లో ముసలమ్మ ఉన్నది. పని కోసం, పిల్లల చదువు కోసం జిల్లా కేంద్రంలో కిరాయికి ఉంటున్నరు. మేడ మీద రెండు రేకుల గదులు. కిరాయి 4,000. కరెంటు వేరే, యూనిట్టుకు 10 రూపాయలు. మామూలు నెలల్లో 900, ఎండాకాలం వస్తే 1,200. దవాఖానలో తనతో పనిచేసే ఇంకొకామె తమకు జీరో బిల్లు వచ్చిందని చెప్పింది. ఈమెకు ఆశ పుట్టింది. ఇంటికొచ్చి ఓనరును అడిగింది.

"సార్, మనకు బిల్లెంత వస్తున్నదో ఆ కాయితం ఒక్కసారి చూపియ్యుండ్రి."

"కాయితం నీకెందుకు? నేనేమన్న దొంగలెక్క చెప్తున్ననా?"

"అట్ల కాదు సార్. జీరో బిల్లు మాకు గూడ అచ్చేదున్నదేమో అని..."

"జీరో బిల్లొచ్చే ఇల్లు చూసుకో పో."

తెల్లారి ఫ్యూజు పీకిండు.

మూడో రోజు నాకు కబురొస్తే పోయాను. కుర్చీ వేసిండు, చాయ తెప్పిస్తనన్నడు. టీచర్ను కాబట్టి మర్యాద. తర్వాత చెప్పిండు: "సార్, మీరు చదువుకున్నోళ్లు, మీకు తెలుసు. ఇల్లు నాది. మీటరు నా పేరు మీదున్నది. బిల్లు కట్టేది నేను. నా కరెంటు నేను ఇస్త, ఇయ్యకపోత. అయినా ఈ గల్లీల మీ వాళ్లకు ఇల్లిచ్చిందే నేనొక్కణ్ని."

ఆ 'మీ వాళ్లకు' అన్న మాట దగ్గర ఆగండి. కరెంటు సంగతి మాట్లాడుతూ మాట్లాడుతూ కులం దగ్గరికి వచ్చిండు. ఇల్లివ్వడమే ఉపకారం. ఉపకారం పొందినవాళ్లు లెక్క అడగొద్దు. ఊళ్లో దొర గింజలు కొలిచి పోసినప్పుడు కుంచం నిండిందా లేదా అని మా తాత అడిగిండా? అడగలేదు. అడిగితే మరునాడు పని లేదు. ఆ కుంచమే ఇప్పుడు పట్నానికొచ్చి సబ్ మీటరు అయింది. కొలిచేవాడు వాడే, కొలత చూసేవాడూ వాడే, పైసలు తీసుకునేవాడూ వాడే.

కరెంటాఫీసుకు, పోలీస్ స్టేషనుకు కాయితం పెడతానని చెప్పి లేచాను. సాయంత్రానికి ఫ్యూజు పెట్టిండు. మరునాడు ఆ తల్లికి చెప్పిండు, నెలాఖరుకు ఖాళీ చెయ్యాలె అని.

వాడలో సొంత ఇంట్లో ఉన్నోళ్లకు ఈ గొడవ ఎందుకు అనుకోకండి. మన వాడలో ఎన్ని ఇళ్లకు తాళాలున్నయో లెక్కపెట్టండి. ఎన్ని ఇళ్లల్లో ముసలోళ్లు తప్ప ఎవరూ లేరో చూడండి. కొడుకు హైదరాబాద్‌లో సెక్యూరిటీ గార్డు, కోడలు ఇళ్లల్లో పాచిపని. బిడ్డ హాస్టల్లో సీటు దొరక్క నలుగురు పిల్లలతో కలిసి రూము తీసుకుని డిగ్రీ చదువుతోంది. వాళ్లందరూ ఎక్కడుంటున్నరు? ఎవరి మేడ మీద, ఎవరి సబ్ మీటరు కింద ఉంటున్నరు? మీరు ఊరి నుంచి పంపే పైసల్లో, లేదా వాళ్లు మీకు పంపాల్సిన పైసల్లో ప్రతి నెలా కొంత ఆ డబ్బాలో పడిపోతోంది.

నా సంగతీ చెప్తాను. 2003లో బీఈడీ చదివేటప్పుడు నేనూ ఒక రూములో ఉన్న. అప్పుడు సబ్ మీటర్లు ఇంతగా లేవు. 'పాయింటు లెక్క' ఉండేది. బల్బుకింత, ఫ్యానుకింత. రాత్రి పది దాటితే ఓనరమ్మ కిందినుంచి కేకేసేది, లైటు ఆర్పు అని. నేను ఆర్పి బజారు స్తంభం కింద కూసునేవాణ్ని. ఆమె మీద నాకు పెద్ద కోపం లేకుండె, పొదుపు మనిషి అనుకున్న. ఒకరోజు మా నాయిన నన్ను చూడటానికి ఊరి నుంచి వచ్చిండు. చెప్పులు చేతిలో పట్టుకుని గేటు బయటే నిలబడ్డడు. ఆమె అడిగింది, ఆయన దాచకుండా చెప్పిండు. మరునాటికి ఆమె అత్తగారోళ్లు ఎవరో వస్తున్నరట, రూము కావాలట. ఇట్లాంటి అత్తగారోళ్లు మన వాళ్లలో కిరాయికున్న ప్రతివాడి కథలో ఒకసారన్నా వస్తరు.

ఇప్పుడు లెక్కకు వద్దాం. స్కూల్లో బోర్డు మీద వేసినట్టే వేస్తాను, కాగితం పెన్సిలు తీసుకుని మీరూ వెయ్యండి.

తెలంగాణలో ఇంటి కరెంటుకు 2022లో పెట్టిన రేట్లు ఇవి. నెలకు 100 యూనిట్ల లోపు కాల్చే ఇంటికి మొదటి 50 యూనిట్లకు యూనిట్టు 1 రూపాయి 95 పైసలు, తర్వాత 50కి 3 రూపాయల 10 పైసలు. అదే మీటరు మీద నెలకు 200 దాటిందా, మొదటి యూనిట్టు నుంచే రేటు మారిపోతుంది. మొదటి 200కు 5 రూపాయల 10 పైసలు, తర్వాత 100కు 7 రూపాయల 70 పైసలు, ఆ పైన 400 దాకా 9 రూపాయలు. తక్కువ కాల్చేవాడు పేదవాడు, ఎక్కువ కాల్చేవాడు ఉన్నవాడు అన్న లెక్కతో పెట్టిన స్లాబులు. లెక్క మంచిదే. కానీ స్లాబుకు మనిషి కనిపించడు, మీటరే కనిపిస్తుంది.

ఒక ఇల్లు అనుకోండి. కింద ఓనరు, పైన మూడు పోర్షన్లు. నాలుగు కుటుంబాలు, తలా 90 యూనిట్లు. ఎవరికి వారికి డిపార్ట్‌మెంటు మీటరుంటే ఒక్కో ఇంటికి 50 యూనిట్లకు 97 రూపాయల 50 పైసలు, 40 యూనిట్లకు 124 రూపాయలు. మొత్తం 221 రూపాయల 50 పైసలు. నాలుగిళ్లకు కలిపి 886.

ఇప్పుడు నలుగురూ ఒకే మీటరు మీద ఉన్నారు. 360 యూనిట్లు. 200కు 1,020, తర్వాత 100కు 770, మిగిలిన 60కి 540. మొత్తం 2,330 రూపాయలు. వాడింది అంతే. తీగ అదే, స్తంభం అదే. మీటరు ఒకటే అయినందుకు 1,444 రూపాయలు ఎక్కువ.

కిరాయిదార్లు ముగ్గురి దగ్గర ఓనరు యూనిట్టుకు 10 లెక్కన వసూలు చేసేది 2,700. బిల్లు 2,330. అంటే ఆయన కాల్చుకున్న కరెంటు ఆయనకు పుణ్యానికే వచ్చింది, పైన 370 మిగిలింది. ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, సుంకం అని ఇంకా కొంత పడుతుంది, అది పోతే ఆ 370 కొంత తగ్గుతుంది, అంతే. ఆయన ఏసీ పెట్టుకుంటే లెక్క ఇంకోలా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ అప్పుడు ఆయన ఏసీ వల్ల పెరిగిన స్లాబును కూడా మేడ మీద రేకుల కింద ఉన్నోళ్లే మోస్తరు.

ఇందులో ఒక సంగతి గమనించండి. ఓనరు ధర్మాత్ముడే అనుకుందాం. ఒక్క పైసా లాభం తీసుకోకుండా వచ్చిన బిల్లును యూనిట్ల లెక్కన పంచిండనుకుందాం. అప్పుడు యూనిట్టుకు 6 రూపాయల 47 పైసలు పడుతుంది. 90 యూనిట్లకు 582 రూపాయలు. సొంత మీటరుంటే 221 కట్టాల్సిన కుటుంబం 582 కడుతుంది. కాబట్టి ఇది చెడ్డ ఓనరు, మంచి ఓనరు గొడవ మాత్రమే కాదు. సబ్ మీటరును సరిగ్గా పెట్టించండి, న్యాయంగా పంచండి అని బతిమాలుకునే పంచాయితీ నాకు వద్దు. సబ్ మీటరే వద్దు. పొయ్యి వేరైన ప్రతి కుటుంబానికి డిపార్ట్‌మెంటు మీటరు కావాలె.

ఇక గృహజ్యోతి. 2024 ఫిబ్రవరిలో మొదలుపెట్టారు, మార్చి నుంచి జీరో బిల్లులు వచ్చాయి. తెల్ల రేషన్ కార్డున్న ఇంటికి నెలకు 200 యూనిట్ల దాకా ఉచితం. 200 దాటితే మొత్తం బిల్లు కట్టాలె. కిరాయిదార్లకు కూడా వర్తిస్తుందని సర్కారు చెప్పింది. బాగానే చెప్పింది. కానీ ఆ 'కూడా' ఎక్కడ కూసోవాలె? పథకం మీటరు నెంబరుకు ముడిపడి ఉంది. మన కిరాయిదారు దగ్గర కార్డున్నది, ఆధార్ ఉన్నది, పేదరికం ఉన్నది. మీటరు నెంబరు లేదు. పైన చెప్పిన ఇంట్లో ముగ్గురు కిరాయిదార్లకూ తెల్ల కార్డులున్నా 360 యూనిట్ల మీటరుకు జీరో బిల్లు రాదు. ఆ మూడు కుటుంబాలకు కలిపి సున్నా కావాల్సిన చోట 2,700 పోతోంది. ఒక్కో కుటుంబానికి ఏడాదికి 10,800. దవాఖానలో ఊడ్చే మనిషికి అది నెల జీతానికి దగ్గర దగ్గర.

ఇంతకన్నా అన్యాయం ఇంకోటుంది. చిన్న ఇళ్లల్లో ఓనరుకే తెల్ల కార్డుంటుంది. మీటరు 200 దాటదు. జీరో బిల్లు వస్తుంది. కిరాయిదారు దగ్గర యూనిట్టుకు 8, 10 తీసుకోవడం మాత్రం ఆగదు. సర్కారు పుణ్యానికి ఇచ్చిందాన్ని పేదవాడికే అమ్ముకోవడం. ఆ కిరాయిదారుకు బిల్లు కాయితం ఎందుకు చూపించరో ఇప్పుడు అర్థమైందా?

మన వైపు చిక్కు కూడా ఒకటుంది, దాచను. చాలామంది కార్డు ఊళ్లోనే ఉంది. ముసలోళ్లు, పట్నంలో ఉన్న కొడుకు కోడలు, పిల్లలు అందరూ ఒకే కార్డులో ఉంటరు. ఒక కార్డుకు ఒక మీటరే. ఊళ్లో ముసలమ్మ ఒక బల్బు, ఒక ఫ్యానుకు జీరో బిల్లు తెచ్చుకుంటోంది. పట్నంలో మీటరు పెట్టించుకున్నా ఆ కార్డు ఇక్కడ పనిచెయ్యదు. నేను చెప్పిన కుటుంబానిది సరిగ్గా ఈ సమస్యే. 2025లో కొత్త కార్డులు ఇచ్చినప్పుడు వేరు పడి తీసుకున్నోళ్లు తీసుకున్నరు, వీళ్లకు తెలియదు. కార్డు వచ్చేదాకా జీరో బిల్లు రాకపోయినా సొంత మీటరుంటే 900 బదులు దాంట్లో దాదాపు మూడో వంతు కడితే సరిపోతుంది. కాబట్టి కార్డు తర్వాత, మీటరు ముందు.

పక్కన ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా ఉచితమని 2019లో ఇచ్చారు. దాన్ని కాలనీకి, తండాకు ముడిపెట్టి ఇచ్చారు. ఈ పథకాలు రాసేవాళ్ల కళ్లల్లో దళితుడు ఎక్కడుంటడో చూడండి. కాలనీలోనే ఉంటడు. కాలనీ దాటి పట్నానికి పోయి, నలుగురి మధ్య కిరాయికుండి, పిల్లల్ని చదివించుకునే దళితుడు వాళ్ల కాయితాల్లో లేడు.

ఓనర్లు మీటరు ఎందుకు ఇయ్యరు? ఖర్చు అంటరు. ఖర్చు ఒక్కసారే, అదీ కిరాయిదారే పెట్టుకుంటనంటే కూడా ఒప్పుకోరు. ఇంటి పన్ను పెరుగుతదంటరు. అసలు భయం కాయితం. మీటరు ఒక పేరు మీద ఉంటే నెలనెలా ఆ పేరుతో, ఆ ఇంటి నెంబరుతో బిల్లు వస్తుంది. ఆ బిల్లు పెట్టుకుని గ్యాసు తీసుకోవచ్చు, ఓటు రాయించుకోవచ్చు, పిల్లను స్కూల్లో చేర్పించవచ్చు. ఈ మనిషి ఈ గల్లీలో ఉంటున్నడని సర్కారు ముద్ర. రేపు పొద్దున ఖాళీ చెయ్యమంటే మూట కట్టుకుని మాయమైపోయేవాడు కాదన్నమాట. కరెంటు బిల్లు ఉంటే ఇల్లు కిరాయిదారుదైపోతుందన్న మాట మాత్రం శుద్ధ అబద్ధం. బిల్లుతో ఇంటి హక్కు రాదు. ఇది ఓనర్లకు తెలుసు. తెలిసీ ఆ మాటే చెప్తరు.

ఇంక చట్టం ఏమంటుందో చూడండి. కార్యకర్తలు ఈ భాగాన్ని రెండుసార్లు చదివి, వాడల్లో చదివి వినిపించాలని కోరుతున్న.

2003 విద్యుత్ చట్టంలో 43వ సెక్షన్ ఉంది. ఇంటి యజమాని గానీ, ఆ ఇంట్లో ఉంటున్నవాడు గానీ దరఖాస్తు పెడితే కరెంటు కంపెనీ కనెక్షన్ ఇచ్చి తీరాలె. 'ఉంటున్నవాడు' అన్న ఆ మాట కింద గీత గీసుకోండి. 2020లో కేంద్రం చేసిన వినియోగదారుల హక్కుల నిబంధనలను 2024 ఫిబ్రవరిలో సవరించారు. దాని ప్రకారం కొత్త కనెక్షన్ మహానగరాల్లో 3 రోజుల్లో, మిగతా మున్సిపాలిటీల్లో 7 రోజుల్లో, పల్లెల్లో 15 రోజుల్లో ఇయ్యాలె. ఆఫీసులో మొదట అడిగేది "ఓనరు ఒప్పుకున్నట్టు కాయితం తెచ్చినవా?" అని. దానికి జవాబు సుప్రీంకోర్టు 2022 మే నెలలో చెప్పింది. ఇంటి యజమాని నో అబ్జెక్షన్ కాయితం ఇయ్యలేదన్న కారణంతో కిరాయిదారుకు కరెంటు ఇయ్యననడం కుదరదు, కరెంటు మనిషికి కనీస అవసరం, దరఖాస్తు పెట్టినవాడు ఆ ఇంట్లో ఉంటున్నడా లేడా అన్నదొక్కటే చూడాలె అని. ఆ కేసు పేరు దిలీప్ వర్సెస్ సతీశ్. అరచేతి మీద రాసుకుని పోండి. నోటి మాటతో "కాదు పో" అంటే, కాదన్న కారణం కాయితం మీద రాసియ్యమనండి. రాసియ్యమన్న మరుక్షణం సగం మంది గొంతు మారుతుంది. అప్పటికీ ఇయ్యకపోతే అదే చట్టం 42వ సెక్షన్ కింద వినియోగదారుల ఫిర్యాదుల వేదిక ఉంది, దాని మీద అంబుడ్స్‌మన్ ఉన్నడు. వకీలు లేకుండానే పోవచ్చు.

ఇంకో మాట. ఆ చట్టం ప్రకారం కరెంటు పంపిణీ చెయ్యాలన్నా, అమ్మాలన్నా లైసెన్సు ఉండాలె. యూనిట్టు 10 రూపాయలకు అమ్ముతున్న ఓనరు దగ్గర ఏ లైసెన్సు ఉన్నది? బజార్లో కొనుక్కొచ్చి గోడకు కొట్టిన ఆ డబ్బాకు ఎవడు సీలు వేసిండు? కూరగాయలమ్మే అవ్వ తక్కెడకు ముద్ర లేకపోతే తూనికలోళ్లు జరిమానా వేస్తరు. మేడ మీది సబ్ మీటరు వైపు ఒక్కడూ చూడడు.

మీ సబ్ మీటరు సంగతి మీరే తేల్చుకోవచ్చు. ఇంట్లో ఉన్న స్విచ్చులన్నీ ఆపండి, ప్లగ్గులన్నీ పీకండి. మీటరు మీద చిన్న ఎర్ర లైటు ఇంకా మినుకుమంటుంటే మీ మీటరు వెనుక ఇంకెవరిదో లైను ఉంది. బోరు మోటారో, మెట్ల లైటో అయ్యుంటుంది. మా ఊరి పిల్లలున్న ఒక రూములో ఇట్లే చూస్తే ఓనరు మోటారు వేసినప్పుడల్లా పిల్లల మీటరు ఉరికింది. రెండో పరీక్ష, మీటరు మీద 1 యూనిట్టుకు ఎన్ని మినుకులో రాసి ఉంటుంది, 3200 అనో 1600 అనో. 100 వాట్ల పాత బల్బు ఒక్కటే పెట్టి ఒక గంట చూడండి. యూనిట్టులో పదో వంతు తిరగాలె. 3200 మీటరైతే 320 మినుకులు, కొంచెం అటూ ఇటూ. అంతకన్నా చాలా ఎక్కువైతే తెలిసిపోతుంది. పిల్లలకు ఈ పని అప్పజెప్పండి, సైన్సు పాఠం కూడా అయితది.

ఇప్పుడు కొంచెం చేదు మాట. పట్నంలో ఇళ్లు కట్టుకున్న మన ఉద్యోగులున్నరు. టీచర్లు, బ్యాంకోళ్లు, ఆర్టీసీ వాళ్లు. వాళ్లలో చాలామంది మేడ మీద పోర్షన్లు కిరాయికిస్తున్నరు. గోడకు అదే డబ్బా, యూనిట్టుకు అదే 10 రూపాయలు. ఏప్రిల్ 14న విగ్రహానికి దండ వేసి ఇంటికొచ్చి సబ్ మీటరు రీడింగు రాసుకునేవాళ్లు నాకు తెలుసు. నేనూ వాళ్లలో ఒకణ్ని. లోను తీసుకుని ఇల్లు కట్టి, పైన ఒక గది కిరాయికిచ్చి, రెండేళ్లు యూనిట్టుకు 8 రూపాయలు తీసుకున్న. అందరూ తీసుకుంటున్నరు, నేను తక్కువే తీసుకుంటున్న అనుకున్న. పైన ఉన్న పాలిటెక్నిక్ పిల్లగాడు ఒకరోజు అడిగిండు, "సార్, మీకు బిల్లు యూనిట్టుకు ఎంత పడుతది?" అని. నాకు సమాధానం రాలేదు. కోపమొచ్చింది. ఆ కోపం ఎక్కడిదో రాత్రంతా ఆలోచిస్తే ఆ ఓనరమ్మ కేక గుర్తొచ్చింది. తర్వాత నెలలో పైగదికి వేరే మీటరు పెట్టించిన. ఇది గొప్ప కోసం చెప్తలేను. రెండేళ్లు ఆ పిల్లగాడి దగ్గర ఎక్కువ తీసుకున్నదాంట్లో ఎంత వెనక్కి ఇచ్చినవని అడిగితే, మొత్తం ఇవ్వలేదు.

మీటింగులో ఒక సీనియర్ అన్నడు, "భూమి గురించి, రిజర్వేషన్ల గురించి మాట్లాడాల్సిన పత్రికలో కరెంటు డబ్బా గురించి ఎందుకు?" అని. ఆయన మీద గౌరవం ఉంది. కానీ బాబాసాహెబ్ జీవితమే చూడండి. 1917లో అమెరికా, లండన్ చదువులు చదివొచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరితే ఉండటానికి ఇల్లు దొరకలేదు. పేరు దాచుకుని ఒక పార్సీ సత్రంలో ఉన్నడు. ఆ మేడ మీద కరెంటు లైటు లేదు, నూనె దీపాలు కూడా లేవు. రాత్రిపూట సత్రం మనిషి ఇచ్చే చిన్న లాంతరు ఒక్కటే దిక్కు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. ఆ సంగతి ఆయనే రాసుకున్నడు, 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో. అదే మనిషి పాతికేళ్ల తర్వాత వైస్రాయి కౌన్సిల్లో మంత్రి అయినప్పుడు ఆయన శాఖలో కరెంటు కూడా ఉంది. 1943 అక్టోబర్‌లో ఆ విధానం మీద జరిగిన మీటింగుకు అధ్యక్షత వహించి, ఈ దేశపు పేదరికం పోవాలంటే కరెంటు చవకగా, పుష్కలంగా అందాలని వాదించిండు. దీపం లేని మేడ మీద కూసున్న మనిషికి కరెంటు చిన్న విషయంగా కనబడలేదు. మనకెందుకు కనబడాలె? 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల పెంపు మీద ఊరేగింపు చేస్తే పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయిన రాష్ట్రం మనది.

ఒక జాగ్రత్త. చట్టం మీటరు ఇస్తది, ఇల్లు ఇయ్యదు. ఒక్క కుటుంబం ఒక్కతే దరఖాస్తు పెడితే ఆ ఓనరు నెల తిరగకుండా ఖాళీ చేయిస్తడు, మా పిల్ల కుటుంబానికి అయింది అదే. కాబట్టి ఒక్కరొక్కరుగా పెట్టకండి. గల్లీ గల్లీ కలిపి పెట్టండి. మనోళ్లతో పాటు ఆ గల్లీలో ఉన్న ముస్లింలు, బీసీలు, ఒడిశా నుంచి వచ్చిన కూలీలు అందరి సంతకాలు తీసుకోండి, వాళ్ల జేబులకూ అదే చిల్లు. ముప్పై దరఖాస్తులు ఒకేరోజు పడితే ముప్పై ఇళ్లు ఖాళీ చేయించి ఓనర్లు ఎవరికి కిరాయికిస్తరు? ఇంకో సంగతి, కరెంటు కంపెనీ ఇంటింటికి రీడింగుకు వస్తది కదా, మేడ మీద ఎన్ని పొయ్యిలున్నయో ఆ మనిషికి కనబడదా? కంపెనీ తనంతట తనే లెక్క తీసి, పొయ్యికొక మీటరు పెట్టాలని మన డిమాండు. కిరాయిదారు తలుపు తట్టి అడుక్కునే పని ఉండొద్దు. ఫ్యూజు పీకేటప్పుడు, ఖాళీ చేయించేటప్పుడు నలుగురి ముందు కులం పేరెత్తి తిడితే 1989 అట్రాసిటీ చట్టం ఉంది, దానికి సాక్షులను వెంటనే రాసుకోండి.

దరఖాస్తుకు జత చెయ్యాల్సినవి: ఆధార్, కిరాయి అగ్రిమెంటు ఉంటే అది, లేకపోతే కిరాయి పంపిన ఫోన్ పే లెక్కలు, ఓనరు చేతిరాతతో ఇచ్చిన చీటీలు. ఆ చీటీలు పారెయ్యకండి. "కరెంటు 90 ఇంటు 10, 900" అని ఓనరు రాసిచ్చిన చిన్న ముక్కే, ఆయన కరెంటు అమ్ముతున్నడనడానికీ, మీరు ఆ ఇంట్లో ఉంటున్నరనడానికీ రుజువు.

మా పిల్ల పరీక్షలు రాసింది. బాగానే రాసిన్నని చెప్పింది. వాళ్లు ఖాళీ చెయ్యలేదు. ఆ గల్లీలో వాళ్లతో కలిపి పదకొండు కుటుంబాలు పోయిన గురువారం మీటర్ల కోసం దరఖాస్తు పెట్టినయి. రసీదులు తీసుకున్నం. మున్సిపాలిటీ కాబట్టి ఏడు రోజుల గడువు వచ్చే గురువారంతో అయిపోతది. ఆ రోజు నేను స్కూలుకు సగం పూట సెలవు పెట్టి పొద్దున పదిన్నరకు ఏఈ ఆఫీసు దగ్గర ఉంటాను. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు పట్నంలో ఉన్న మీ పిల్లల సబ్ మీటరు రీడింగులు, ఓనర్ల చీటీలు వెంట తెచ్చుకోండి. జిరాక్సు ఖర్చు కమిటీ పెట్టుకుంటది.

జై భీమ్.